రాష్ట్రపతి ఎన్నికలో మన ఓటెక్కడ?

- ఎమ్మెల్యే చేతిలోని 132 ఓట్లు జనానివే
- విప్ ఉండదు, రహస్యమే రాజ్యం
- 1969 నాటి చీలిక నేటి ఓటరుకు నేర్పేదేమిటి?

ఉప్పునుంతల: సర్పంచి ఎన్నికంటే నెల రోజుల ముందు నుంచే రాత్రింబవళ్లు చర్చించుకునే పల్లె, రాష్ట్రపతి ఎన్నిక వచ్చేసరికి ప్రేక్షకపాత్రకు పరిమితమవుతుంది. ఓట్ల లెక్కింపును టీవీలో చూస్తారు. హోటల్ బల్లల దగ్గర, రచ్చకట్టల మీద పార్టీలవారీగా వాదించుకుంటారు. చివరికి చర్చ ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది. 'మనం ఓటే వేయలేదు, మరి దేశానికి పెద్దను ఎవరు ఎన్నుకున్నట్లు?' అన్నదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్న అమాయకమైనది కాదు. రాష్ట్రపతి ఎన్నికలో సామాన్యుడికి నేరుగా ఓటు లేకున్నా, అక్కడ లెక్కించే ప్రతి ఓటూ సామాన్యుడి లెక్క నుంచి పుట్టినదే. అచ్చంపేట శాసనసభ్యుడు వేసే ఓటులో ఉప్పునుంతల మండలానికీ వాటా ఉంది. అయితే ఆ ఓటు ఎవరికి పడిందో ఓటరుకు తెలియదు. ఫలానా వారికే వేయాలని పార్టీ కూడా చట్టప్రకారం ఆదేశించలేదు. ఈ రెండు అంశాల వల్లే 1969లో రాష్ట్రపతి ఎన్నిక దేశ రాజకీయాలను నిలువునా చీల్చింది. ఆ ఎన్నికలో ముఖాముఖి తలపడిన ఇద్దరూ తెలుగువారే కావడం విశేషం.

మండల పరిషత్తే నమూనా

ఈ విధానాన్ని అర్థం చేసుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లనవసరం లేదు. మండల పరిషత్తు కార్యాలయం దాకా వెళితే చాలు. సర్పంచిని గ్రామస్థులంతా నేరుగా ఎన్నుకుంటారు. ఉప సర్పంచిని మాత్రం వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. మండలాధ్యక్షుడి విషయంలో రెండు పద్ధతులనూ మన పెద్దలు చూశారు. ఎన్.టి.రామారావు ప్రభుత్వం మండల వ్యవస్థను తెచ్చాక 1987లో మండలాధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, 1995 ఎన్నికల నుంచి ఆ అధికారం ఎంపీటీసీ సభ్యుల చేతికి వెళ్లింది.

రాష్ట్రపతి ఎన్నిక ఈ రెండో పద్ధతికి దగ్గరిది. ప్రజలు ప్రతినిధులను ఎన్నుకుంటారు, ప్రతినిధులు రాష్ట్రపతిని ఎన్నుకుంటారు. పోలిక ఇక్కడితో సరి. ఎంపీటీసీ సభ్యులు చేతులెత్తి మండలాధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. ఎవరు ఎటు చెయ్యెత్తారో అందరికీ కనిపిస్తుంది. పార్టీ విప్ జారీ చేస్తుంది, ధిక్కరించిన సభ్యుడి పదవికే ముప్పు. సభ్యులను క్యాంపులకు తరలించడం, ఎన్నిక రోజున నేరుగా కార్యాలయం మెట్ల దగ్గర దింపడం మన ప్రాంతానికి కొత్త కాదు.

రాష్ట్రపతి ఎన్నికలో చేతులెత్తడం లేదు. తెర చాటున, చీటీ మీద, రహస్యంగా ఓటు వేస్తారు. ఇందులో విప్ జారీ చేయడానికి వీల్లేదు. పార్టీ చెప్పిన అభ్యర్థికి కాక మరొకరికి వేసినా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వర్తించదు. రాజ్యసభ ఎన్నికల్లో 2003 నుంచి బహిరంగ ఓటు విధానం వచ్చి, వేసిన చీటీని పార్టీ ఏజెంటుకు చూపాల్సి వస్తోంది. రాష్ట్రపతి ఎన్నికకు ఆ మార్పు సోకలేదు.

132 ఎలా వచ్చింది?

రాష్ట్రపతిని ఎన్నుకునే వారెవరో రాజ్యాంగంలోని 54వ అధికరణం చెబుతుంది. లోక్‌సభ, రాజ్యసభలకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికైన సభ్యులు, ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభ్యులు ఇందులో ఓటర్లు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. శాసనమండలి సభ్యులకూ లేదు. అంటే ఎమ్మెల్సీ ఎంత పెద్ద నాయకుడైనా ఈ ఎన్నికలో మనలాగే ప్రేక్షకుడు.

ఓటు విలువ ఎలా కట్టాలో 55వ అధికరణం వివరిస్తుంది. రాష్ట్ర జనాభాను శాసనసభ స్థానాల సంఖ్యతో భాగించాలి. వచ్చినదాన్ని వెయ్యితో భాగించాలి. లెక్కకు తీసుకునేది నేటి జనాభా కాదు, 1971 జనగణన నాటిది. ఆ లెక్కన తెలంగాణ ప్రాంత జనాభా 1,57,02,122. దాన్ని 119 స్థానాలతో, ఆపై వెయ్యితో భాగిస్తే 131.95 వస్తుంది. సర్దుబాటు చేస్తే 132. ఇదే తెలంగాణలో ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ. 119 మందికి కలిపి 15,708. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఉన్నారు, ఒక్కొక్కరి ఓటు విలువ 159. ఉమ్మడి రాష్ట్రంలో 294 మంది ఉన్నప్పుడు అది 148గా ఉండేది. ఉత్తరప్రదేశ్‌లో 208 కాగా, సిక్కింలో కేవలం 7.

ఎంపీ ఓటు విలువకు మరో లెక్క. దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల మొత్తాన్ని ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తారు. 2022లో ఎమ్మెల్యేల ఓట్ల విలువ 5,43,231. ఎంపీలు 776 మంది. అందువల్ల ఒక్కో ఎంపీ ఓటు విలువ 700 అయింది. జమ్మూకశ్మీర్‌లో అప్పుడు శాసనసభ లేనందున, 2017లో 708గా ఉన్న విలువ తగ్గింది. రాష్ట్రాలన్నీ ఒక వైపు, పార్లమెంటు ఒక వైపు త్రాసులో సమంగా తూగాలన్నదే ఈ లెక్క వెనుక ఉద్దేశం.

1971 నాటి జనాభానే ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నారన్న సందేహం సహజం. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలు ఆ కారణంగానే నష్టపోకూడదని 1976లో 42వ సవరణతో ఆ లెక్కను స్తంభింపజేశారు. 2001లో 84వ సవరణతో గడువు పొడిగించారు. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడే వరకు ఇదే కొనసాగాలి. ఆ తర్వాత జనాభా ఎక్కువ పెరిగిన ఉత్తరాది రాష్ట్రాల ఓటు బరువు పెరిగి, దక్షిణాది వాటా తగ్గుతుందన్న ఆందోళన ఉంది. నియోజకవర్గాల పునర్విభజనపై 2025 మార్చి 22న చెన్నైలో జరిగిన సమావేశానికి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, ప్రతిపక్షం నుంచి కె.టి.రామారావు ఇద్దరూ హాజరయ్యారు. అచ్చంపేట నియోజకవర్గంలోని వంగూరు మండలం కొండారెడ్డిపల్లి ముఖ్యమంత్రి స్వగ్రామం కావడంతో ఇక్కడి చర్చల్లో ఆ సమావేశం ప్రస్తావనకు రావడంలో వింతలేదు.

ఇద్దరు తెలుగువారి పోరు

రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన పుట్టింది హైదరాబాదులోనే. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, కార్మికోద్యమంలో ఎదిగి, 1937లో బొబ్బిలి రాజాను ఓడించి పేరు తెచ్చుకున్న నాయకుడాయన.

అప్పుడు కేంద్రంలో కాంగ్రెస్ ప్రభుత్వమే ఉన్నా, పార్టీ లోపల రెండు కుంపట్లు రగులుతున్నాయి. ఒకటి ప్రధాని ఇందిరాగాంధీది. రెండోది పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, కామరాజ్ వంటి సీనియర్లది. ఆ ఏడాది జులైలో బెంగళూరులో సమావేశమైన కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు, ప్రధాని అభీష్టానికి భిన్నంగా నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఖరారు చేసింది. అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన ఆయన ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకర్. పార్టీ నిర్ణయానికి తలొగ్గి ఆయన నామినేషన్ పత్రంపై ఇందిర సంతకం చేశారు.

ఆ తర్వాత సంఘటనలు వేగంగా సాగాయి. జులై 16న మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థికశాఖను ప్రధాని తప్పించారు. 19న 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసిన గిరి, మరునాడే పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి పదవులు రెండూ ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నెల రోజులకు పైగా రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించారు.

జనసంఘ్, స్వతంత్ర పార్టీలు మాజీ ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. ఆ పార్టీల రెండో ప్రాధాన్య ఓట్ల కోసం నిజలింగప్ప వారితో మంతనాలు జరిపారు. ఇందిర వర్గానికి అదే ఆయుధమైంది. సొంత పార్టీ అభ్యర్థికి ఓటు వేయాలని చెప్పేందుకు ప్రధాని నిరాకరించారు. సభ్యులు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలన్నారు. వామపక్షాలు, డీఎంకే గిరి వెంట నిలిచాయి. కాంగ్రెస్ సభ్యులు రెండుగా చీలారు.

అదే ఏడాది తెలంగాణ ప్రాంతమంతటా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉవ్వెత్తున సాగుతోంది. విద్యార్థులు బడులు, కళాశాలలు వదిలి వీధుల్లోకి వచ్చారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఒకవైపు ఇక్కడి యువత రాష్ట్రం కోసం రోడ్డెక్కగా, మరోవైపు ఈ ప్రాంత శాసనసభ్యులు హైదరాబాదులో రాష్ట్రపతి ఎన్నికకు రహస్య ఓటు వేశారు. వారు ఎవరి పక్షాన నిలిచారో ఓటర్లకు తెలిసే మార్గం లేకపోయింది.

రెండో ప్రాధాన్యంతో తేలిన ఫలితం

1969 ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. బరిలో 15 మంది ఉన్నారు. 20న లెక్కింపు. ఇక్కడ 'రెండో ప్రాధాన్యం' అన్న మాటను వివరించాల్సి ఉంది. ఈ ఎన్నికలో ఓటరు ఒక్క పేరు ఎదుట గుర్తు వేసి ఊరుకోడు. ఇష్టమైన క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించి తెచ్చుకున్నవారే గెలుస్తారు. తొలి లెక్కింపులో ఎవరికీ అంత రాకపోతే, అందరికన్నా తక్కువ వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆయన చీటీల మీద 2 అంకె ఎవరికి పడిందో చూసి వారికి కలుపుతారు. ఇలా ఒక్కొక్కరినీ తొలగిస్తూ పోతారు.

1969లో చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపునకు 4,18,169 కావాలి. తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గిరి ముందున్నా గెలుపునకు 16,654 తక్కువ. చిన్న అభ్యర్థులను, చివరికి దేశ్‌ముఖ్‌ను తొలగించి రెండో ప్రాధాన్యాలను పంచారు. వాటిలో అత్యధికం సంజీవరెడ్డికే చేరాయి. ఆయన ఒక్కసారిగా 91,879 పెరిగి 4,05,427కు చేరుకున్నారు. గిరికి కలిసినవి 18,562 మాత్రమే. అయినా ఆయన 4,20,077తో గట్టెక్కారు. తేడా 14,650. రెండో ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలిన రాష్ట్రపతి ఎన్నిక మన దేశ చరిత్రలో ఇప్పటి వరకు అదొక్కటే.

ఆ తేడాను మన లెక్కలోకి మార్చి చూద్దాం. అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 287 స్థానాలు. 1961 జనాభా ప్రకారం ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 125. గిరికి పడినవాటిలో ఇలాంటి ఓట్లు 59 అటు మళ్లి ఉంటే దేశాధ్యక్షుడు మారిపోయేవారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు వంటి నాలుగైదు జిల్లాల ఎమ్మెల్యేలు ఒక గదిలో కూర్చుంటే ఎంతమంది అవుతారో, దాదాపు అంతమంది. చేతికి చిక్కని ఢిల్లీ వ్యవహారంగా కనిపించే ఎన్నిక, నిజానికి అంత కొద్దిమంది మీద ఆధారపడి తేలింది.

ఓడినా, గెలిచినా

ఆ ఫలితం వెలువడిన మూడు నెలల్లోపే కాంగ్రెస్ చీలింది. నవంబర్ 12న ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించారు. పార్టీ రెండు ముక్కలైంది.

ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలయ్యాయి. సంజీవరెడ్డిని కించపరిచే కరపత్రాన్ని పంచి ఓటర్లను ప్రభావితం చేశారన్నది వాటిలో ప్రధాన ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి 1970లో స్వయంగా హాజరై సాక్ష్యం చెప్పారు. చివరికి కోర్టు పిటిషన్లను కొట్టివేసింది.

నామినేషన్ల విషయంలోనూ మార్పులు వచ్చాయి. 1974లో చట్టాన్ని సవరించి, అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలని, మరో పదిమంది బలపరచాలని, రూ.2,500 ధరావతు కట్టాలని నిర్దేశించారు. 1997లో ఆ సంఖ్యను యాభై, యాభైకి, ధరావతును రూ.15 వేలకు పెంచారు. అంటే 35 ఏళ్లు నిండి లోక్‌సభకు పోటీచేసే అర్హత ఉన్న పౌరుడెవరైనా కాగితం మీద రాష్ట్రపతి పదవికి అర్హుడే. వంద మంది ప్రజాప్రతినిధుల సంతకాలు తేవడమే అసలు పరీక్ష.

ఓడిన సంజీవరెడ్డి కథ అక్కడితో ముగియలేదు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలవగా, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా అభ్యర్థిగా ఆయన గెలిచారు. అదే ఏడాది జులైలో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఎనిమిదేళ్ల కిందట దేశాన్ని రెండు శిబిరాలుగా విడదీసిన పేరే, ఆనాడు అన్ని శిబిరాలకూ ఆమోదయోగ్యమైంది. రాజకీయ వాతావరణం శాశ్వతం కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

తెలంగాణ చుట్టూ తిరిగిన ఓట్లు

మన ప్రాంతంలోనూ రాష్ట్రపతి ఎన్నిక ఎన్నడూ కేవలం రాష్ట్రపతి గురించి జరగలేదు. 2012లో ప్రణబ్ ముఖర్జీ, పి.ఎ.సంగ్మా పోటీపడ్డారు. తెలంగాణ ఏర్పాటులో కాంగ్రెస్ జాప్యానికి నిరసనగా టీఆర్ఎస్ ఓటింగుకు దూరంగా ఉంది. తెలుగుదేశం కూడా దూరంగానే ఉంది. అలా ఎవరి ఓటైతే ఆ పార్టీ వేయలేదో, ఆ ప్రణబే రాష్ట్రపతి హోదాలో 2014 మార్చి 1న రాష్ట్ర పునర్విభజన బిల్లుపై ఆమోదముద్ర వేశారు.

2017లో రామ్‌నాథ్ కోవింద్, మీరా కుమార్ పోటీలో నిలిచారు. 2014 ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది మీరా కుమారే. అయినా టీఆర్ఎస్ కోవింద్‌కు మద్దతిచ్చింది. ఆయన 7,02,044 ఓట్ల విలువతో గెలిచారు. ఆమెకు 3,67,314 వచ్చాయి. కృతజ్ఞత వేరు, రాజకీయం వేరు అని పల్లె జనం నిట్టూర్చిన సందర్భం అది.

2022 ఎన్నిక ఇక్కడ మరింత సూటి చర్చకు దారితీసింది. ఒడిశాకు చెందిన సంతాల్ ఆదివాసీ మహిళ ద్రౌపదీ ముర్మును ఎన్డీఏ బరిలో దింపింది. ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా. నాటి టీఆర్ఎస్, కాంగ్రెస్ రెండూ సిన్హా వైపే నిలిచాయి. జులై 2న సిన్హా హైదరాబాదు వచ్చినప్పుడు కె.చంద్రశేఖరరావు ఘనంగా స్వాగతం పలికారు. టీఆర్ఎస్ ఆతిథ్యంలో ఉన్న అభ్యర్థిని కలవబోమంటూ రాష్ట్ర కాంగ్రెస్ నాయకత్వం దూరంగా ఉంది. ఒకే అభ్యర్థికి ఓటు వేసే ఇద్దరూ ఒకే వేదికపైకి రాలేని వింత పరిస్థితి అది. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో పరస్పరం కత్తులు నూరే వైఎస్ఆర్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ ముర్ముకే మద్దతిచ్చాయి. ఆ రాష్ట్రంలో సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. జులై 21న వెలువడిన ఫలితాల్లో ముర్ముకు 6,76,803, సిన్హాకు 3,80,177 వచ్చాయి. ఆమె దేశానికి తొలి ఆదివాసీ రాష్ట్రపతి.

అచ్చంపేట ఓటరు కోణం నుంచి దీన్ని పరిశీలించాలి. 2018లో ఇక్కడ టీఆర్ఎస్ గెలిచింది. ఒకవేళ కాంగ్రెస్ గెలిచి ఉన్నా, పార్టీ నిర్ణయం ప్రకారం ఓటు సిన్హాకే వెళ్లేది. నల్లమలలోని చెంచు పెంటల్లోనో, లంబాడా తండాల్లోనో ఒక ఓటరు 'ఆదివాసీ బిడ్డ ఆ పీఠం మీద కూర్చోవాలి' అని కోరుకుని ఉంటే, ఆ కోరికను పైకి చేర్చే దారి రెండు ప్రధాన పార్టీల్లోనూ లేదు. 'అభ్యర్థి మంచివారే కావచ్చు, నిలబెట్టిన పార్టీతోనే మా పేచీ' అని మరో ఓటరు వాదించినా తప్పు పట్టలేం. ఈ రెండు వాదాలనూ విని, తాను ఎటు నిలుస్తున్నాడో, ఎందుకో చెప్పాల్సినవాడు ఎమ్మెల్యే. ఆ సంభాషణకు మన దగ్గర ఆనవాయితీ లేదు.

ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎంపీలు మాత్రమే ఓటర్లు. 2025 సెప్టెంబర్ 9న జరిగిన ఆ ఎన్నికలో తెలంగాణ బిడ్డ, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి బి.సుదర్శన్‌రెడ్డి ప్రతిపక్షాల తరఫున నిలిచి, సి.పి.రాధాకృష్ణన్ చేతిలో 452-300 ఓట్ల తేడాతో ఓడిపోయారు. రైతులు యూరియా కోసం బారులు తీరిన రోజులవి. ఆ కొరతకు నిరసనగా ఓటింగుకు దూరంగా ఉంటున్నట్లు బీఆర్ఎస్ ప్రకటించింది. ఎరువుల దుకాణం ముందు పాసుపుస్తకం పట్టుకుని నిల్చున్న రైతు సమస్య, పార్లమెంటు భవనంలోని ఓటింగు దాకా వెళ్లింది. ఆ నిరసన యూరియా బస్తాను తెచ్చిందా అన్నది వేరే చర్చ.

ఎవరైతే మనకేమిటి?

రాష్ట్రపతి రబ్బరు ముద్ర కదా, ఎవరైతే ఏమిటన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. మంత్రిమండలి సలహా మేరకే రాష్ట్రపతి నడుచుకోవాలన్నది నిజం. కానీ ఆ సంతకం మన జీవితాల్లోకి ఎంత లోతుగా వచ్చిందో గమనించాలి.

అమ్రాబాద్, మన్ననూరు, అప్పాపూర్ వంటి గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంగా గుర్తింపు పొందింది 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతోనే. ఐదో షెడ్యూలు కింద ఆ ప్రాంతాల పరిపాలనపై గవర్నర్ నివేదిక సమర్పించాల్సింది రాష్ట్రపతికే. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 జనవరి నుంచి డిసెంబర్ వరకు ఉమ్మడి రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది. అప్పటి రాష్ట్రపతి, 1969లో అంతరాత్మ ఓట్లతో గెలిచిన గిరియే.

ఉద్యోగార్థులకైతే రాష్ట్రపతి ఉత్తర్వులన్న మాట కొత్త కాదు. స్థానికులకు కొలువుల్లో రక్షణ కల్పించే 371-డి అధికరణం కింద 1975లో తొలి ఉత్తర్వులు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2018లో కొత్త ఉత్తర్వులు వెలువడ్డాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు నేడు జోగులాంబ జోన్‌లో ఉన్నాయంటే ఆ ఉత్తర్వుల ఫలితమే. నోటిఫికేషన్‌లో 'స్థానికుడు' అన్న గడి నింపే ప్రతి నిరుద్యోగీ రాష్ట్రపతి సంతకం కిందనే నిలబడి ఉన్నాడు.

అడగాల్సింది ముందే

2022 జులై 25న ప్రమాణం చేసిన ద్రౌపదీ ముర్ము పదవీకాలం 2027 జులై 24తో ముగియాల్సి ఉంది. ఆలోగా తదుపరి ఎన్నిక జరగాలి. 2023లో అచ్చంపేటలో, 2024లో నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ గెలిచింది. మన తరఫున 132 విలువ గల ఓటు ఒకటి, ఎంపీ ఓటు ఒకటి ఆ పెట్టెలో పడతాయి. ఎమ్మెల్యేలకు గులాబీ రంగు, ఎంపీలకు ఆకుపచ్చ రంగు చీటీ ఇస్తారు. ఎన్నికల సంఘం ఇచ్చిన కలంతోనే అంకె వేయాలి. ఎమ్మెల్యేలు సాధారణంగా శాసనసభ ప్రాంగణంలో ఓటు వేస్తారు. ఆ పెట్టె విమానంలో ఢిల్లీకి చేరుతుంది. 2022లో పెట్టెకు ప్రత్యేకంగా ఒక సీటుకు టిక్కెట్టు కొని, అధికారి పక్కనే ఉంచి తీసుకెళ్లారు.

అంత భద్రంగా వెళ్లే చీటీలో ఏముందో అడిగే హక్కు ఓటరుకు లేదు, ఉండకూడదు కూడా. రహస్యం పోతే డబ్బుకూ, బెదిరింపుకూ దారి తెరుచుకుంటుంది. చేతులెత్తే ఎన్నికల్లో క్యాంపులు ఎలా నడుస్తాయో చూసిన మనకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఓటు వేయక ముందు మాట్లాడమని అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు. ఎవరికి మద్దతిస్తున్నారు, ఎందుకు? షెడ్యూల్డు ప్రాంతాలపై, స్థానిక ఉద్యోగాలపై, దక్షిణాది ఓటు బరువుపై మీ పార్టీ ఆ అభ్యర్థి నుంచి ఏం ఆశిస్తోంది? పార్టీ మాట ఒకటై, నియోజకవర్గం మాట మరొకటైతే మీరెటు? ఈ మూడు ప్రశ్నలు గ్రామసభలోనో, ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడో అడగవచ్చు. వినతిపత్రంలో బోరుబావి, సీసీ రోడ్డు పక్కన ఈ మాటా ఒక వరుసగా చేర్చవచ్చు.

1969లో ప్రధానమంత్రి 'అంతరాత్మ' అన్నారు. ఎవరి అంతరాత్మ అన్నది అప్పుడు పల్లెల్లో ఎవరూ అడగలేదు. ఆ ఓటు విలువ పుట్టిందే పల్లె, పట్నం అనకుండా జనం తలలు లెక్కించడం వల్ల. కాబట్టి ఎమ్మెల్యే అంతరాత్మలో నియోజకవర్గానికీ కొంత చోటు ఉండాలని కోరడం అత్యాశ కాదు. రచ్చకట్ట మీది చర్చ ఫలితాల రోజుకు కాక, నామినేషన్ల నాటికే మొదలైతే ఆ చోటు దక్కే అవకాశం ఉంటుంది.